అమ్మకు గర్భసంచి ఆపరేషన్: రోబోతో చేయించాలా, లాప్రోస్కోపీ చాలా?

దేవరకొండ పోరడు:
అమ్మకు 48 ఏళ్లు, గర్భసంచిలో గడ్డలు, నెలసరి వస్తే ఆగట్లేదు, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. నల్గొండలో లాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాలో చూస్తూ, గర్భసంచి తీసేస్తాం అన్నారు. సెకండ్ ఒపీనియన్‌కని హైదరాబాద్ పోతే, రోబోతో చేస్తే తొందరగా కోలుకుంటారని చెప్పి లక్షన్నర ఎక్కువ ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అమ్మేమో మిషిన్‌తో కోయించుకోనని మొండికేసింది, పత్తి ఏరే టైంకి లేచి తిరగాలన్నది ఇంకో టెన్షన్. నిజంగా పేషెంటుకు లాభమా, బిల్లుకే లాభమా?

పాలమూరు ఆడబిడ్డ:
ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా తమ్మీ. మిషిన్ తనంతట తాను కోయదని ముందు అమ్మకు చెప్పు. డాక్టరు కన్సోల్ ముందు కూర్చొని చేతులు కదిపితేనే అది కదులుతుంది, పేషెంటు పక్కన ఇంకో డాక్టరు, మేమూ ఉంటాం. లోపలిదంతా త్రీడీలో పెద్దగా కనిపిస్తుంది, చేతి వణుకు పనిముట్టు దాకా పోదు, దాని మొన మణికట్టు లెక్క తిరుగుతుంది, ఇరుకు జాగాలో కుట్లు వేసేటప్పుడు అది బాగా పనికొస్తుంది.
ఇక రక్తం తక్కువ పోవడం, నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా పంపడం అంటారు చూడు, అవి పొట్ట కోసి చేసేదానితో పోలిస్తేనే. లాప్రోస్కోపీలోనూ అవే వస్తాయి, మామూలు గడ్డలకు ఈ రెండింటి మధ్య పేషెంటుకు తెలిసేంత తేడా పెద్దగా ఉండదు. పాత ఆపరేషన్ల వల్ల లోపల అతుక్కుపోయి ఉంటే మాట వేరు. అమ్మకు సిజేరియన్లు అయ్యాయా? పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం దగ్గరి కణాల పరీక్ష) కూడా చేయించండి. ముఖద్వార క్యాన్సర్ ఉంటే లెక్కే మారిపోతుంది, 2018లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో పొట్ట కోసి చేయించుకున్నవాళ్ల కంటే లాప్రోస్కోపీ, రోబో పద్ధతుల్లో చేయించుకున్నవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది.

హాలియా:
మా బాపుకు ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబోతోనే చేయించాం. రక్తం ఎక్కించే పని పడలేదు, మరునాడే నడిపించారు. కానీ బయటికి తెచ్చినప్పుడు మొహం ఉబ్బిపోయి కళ్లు సగం మూసుకొని ఉంటే అమ్మ ఏడ్చేసింది. గంటలకొద్దీ తల కిందికి వంచి పడుకోబెడతారట, తెల్లారేసరికి దిగింది. భుజం నొప్పి అన్నాడు, అది కడుపులో నింపిన గ్యాస్‌తోనట. మూత్రం ఆపుకోవడం మాత్రం నెలలు పట్టింది, రోబో అని అదేం తప్పదు.

మిర్యాలగూడ మామ:
ఇన్సూరెన్స్ ఉంటే కాగితం తీసి చూడు అల్లుడూ. రోబో ఆపరేషన్‌ను పూర్తిగా కాదనొద్దని ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే సర్కారు సంస్థ) రూల్ ఉంది, కానీ సబ్‌లిమిట్, అంటే ఇంతవరకే ఇస్తామనే హద్దు, పెట్టుకోనిచ్చింది, మిగతాది నీ జేబుదే. నిమ్స్‌లో కూడా 2023 నుంచి రోబో ఉంది, అక్కడా అడుగు. ఇంకోటి, ఆ డాక్టరు దాని మీద ఎన్ని గర్భసంచి కేసులు చేశాడో మొహమాటం లేకుండా అడుగు. మిషిన్ కోట్లదైతే ఏంది, చెయ్యి కొత్తదైతే!

దేవరకొండ పోరడు:
రెండు కాన్పులూ సిజేరియనే అక్కా. స్కాన్‌లో గర్భసంచి 14 వారాల సైజు, అంటే అన్ని వారాల గర్భమంత పెద్దగా ఉందని రాశారు.

పాలమూరు ఆడబిడ్డ:
ఆ సైజు చెయ్యి తిరిగినవాళ్లకు లాప్రోస్కోపీలో అయ్యేదే. రెండు సిజేరియన్లు కాబట్టి మూత్రసంచి దగ్గర అతుకులు ఉండొచ్చు, అందుకని ఇద్దరు డాక్టర్లనూ ఒకటే అడుగు: ఈ కేసు లాప్రోస్కోపీలో అవుతుందా, కాకపోతే ఎందుకు కాదు? సూటిగా జవాబు చెప్పినవాళ్ల దగ్గర చేయించు. ముందైతే ఐరన్ ఎక్కించి హిమోగ్లోబిన్ 10 దాటించండి. పత్తి సంగతి మర్చిపోమను, రోబో అయినా ఏదైనా ఆరు వారాలు బరువు ఎత్తొద్దు.