క్రిబ్ నుంచి మంచానికి: రెండేళ్ల పిల్లలను ఎలా మార్చారు?

మియాపూర్ అమ్మ
మా పాపకు రెండేళ్లు దాటాయి. మొదటి నుంచీ మా గదిలోనే చెక్క క్రిబ్‌లో, అంటే చుట్టూ కడ్డీలున్న పిల్లల మంచంలో పడుకుంటుంది. ఈమధ్య దిండు మీద నిలబడి, ఒక కాలు కడ్డీ అవతలకు వేసి, గుర్రం ఎక్కినట్టు కూర్చుని "అమ్మా చూడు" అని పిలుస్తోంది. నాకు గుండె గుభేల్మంటోంది. లోపలి పరుపును అన్నిటికంటే కింది మెట్టుకు ఎప్పుడో దించేశాం, ఇక దించడానికి లేదు. పైగా అక్టోబరులో నాకు రెండో కాన్పు, క్రిబ్ చిన్నదానికి కావాలి. మీ ఇద్దరి మధ్యలో పడుకోబెట్టుకోండని అత్తయ్య అంటున్నారు. చిన్న మంచం కొందామని మావారు. మీరందరూ ఎప్పుడు, ఎలా మార్చారు? రాత్రులు లేచి తిరగదా?

పిల్లల వార్డు నర్సు
ముందు ఈ రాత్రికే క్రిబ్‌లోంచి ఆ దిండూ, పెద్ద బొమ్మలూ తీసేయండి. వాటి మీద ఎక్కే పిల్లలు కడ్డీ దాటుతారు. ఇక కొలత సంగతి. పిల్ల ఎత్తు 35 అంగుళాలు, అంటే దాదాపు 89 సెంటీమీటర్లు వస్తే క్రిబ్ మాన్పించాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతుంది. పిల్ల నిలబడినప్పుడు పక్క కడ్డీ తన ఎత్తులో ముప్పావు వంతు కూడా లేకపోయినా అంతే. మీ పాప ఇప్పటికే కాలు దాటిస్తోంది కాబట్టి కొలిచే పని కూడా లేదు, మార్చేయండి. కడ్డీ పైనుంచి పడటమంటే మంచం మీద నుంచి దొర్లినట్టు కాదు. ఎత్తూ ఎక్కువ, తల ముందు పడుతుంది.

ఆ ఎత్తు రాని, ఎక్కే అలవాటు లేని పిల్లలకు మాత్రం తొందర అక్కర్లేదు. మూడేళ్ల దాకా క్రిబ్‌లో హాయిగా పడుకునే వాళ్లున్నారు.

విశాఖ నాన్న
మేము ఏ మంచమూ కొనలేదండీ. కొబ్బరిపీచు పరుపు నేల మీద వేశాం, రెండు పక్కలా ఫోమ్ మ్యాట్. మావాడు నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతాడు. పొద్దున చూస్తే తల ఉండాల్సిన చోట కాళ్లుంటాయి, సగం శరీరం మ్యాట్ మీద. పడ్డా అరచేతి ఎత్తు నుంచే కదా, లేవను కూడా లేవడు.

ఒకటే జాగ్రత్త. నేల మీద వేసిన పరుపును రోజూ పొద్దునే ఎత్తి గోడకు నిలబెట్టాలి. మా ఊరి ఉక్కకు అడుగున చెమ్మ పట్టి బూజు వస్తుంది. వానాకాలంలో మరీను. అడుగున చాప వేసినా ఎత్తడం తప్పదు.

కరీంనగర్ అమ్మమ్మ
నేల మీద అంటే నాకు భయమే తల్లీ. అపార్టుమెంట్లో ఐదో అంతస్తు వాళ్లకు సరే. మాది పెరడున్న ఇల్లు, వానలు పడితే జెర్రులు, తేళ్లు వస్తాయి. మా మనవరాలికి నవారు మంచం కాళ్లు సగానికి కోయించాం. వడ్రంగి అరగంటలో చేసిచ్చాడు. దానిపైన దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపుతాం. దోమతెర లోపల పడుకోవడం పిల్లకు గుడిసె కట్టుకున్నట్టు సంబరం, తనే లోపలికి పోయి పిలుస్తది.

మధ్యలో పడుకోబెట్టుకోమన్న మీ అత్తగారి మాట కొట్టేయకు. మా పిల్లలందరూ అట్లనే పెరిగారు. కానీ కాన్పయినాక పచ్చి పసిపాప పక్కన రెండేళ్ల పిల్ల వద్దు. నిద్రలో కాలో చెయ్యో వేస్తది.

డల్లాస్ తెలుగమ్మాయి
మాది పక్కలు విడదీసే క్రిబ్. ఒక పక్క విప్పి, దానితో వచ్చిన చిన్న అడ్డు బిగించాం. అదే పరుపు, అదే దుప్పటి, అదే మూల. దానివల్ల మొదటి రాత్రి పేచీ అసలు లేదు. మీ క్రిబ్‌కు ఆ వీలుంటే చూడండి, కాకపోతే చిన్నపాపకు మళ్లీ అది కావాలంటున్నారు కదా.

నాకు మంచం కంటే గదే పెద్ద పని అనిపించింది. క్రిబ్‌లో ఉన్నంతకాలం కడ్డీలే కాపలా. ఇప్పుడు మీరు నిద్రపోతుండగా తను ఇల్లంతా తిరగగలదు. బట్టల డ్రాయర్లను మెట్లలా లాగి ఎక్కుతారు, అది మీద పడుతుంది. అమెరికాలో ఇలాంటి ప్రమాదాల వల్లే చట్టం తెచ్చారు. 2023 సెప్టెంబరు నుంచి తయారయ్యే డ్రాయర్ల బీరువాలు ఒరగకుండా నిలవాలని పరీక్ష తప్పనిసరి. ఏ దేశంలోనైనా గోడకు క్లాంపుతో బిగించడం మాత్రం మన పనే. కిటికీ తెరల తాళ్లు పైకి కట్టేయండి.

విశాఖ నాన్న
డల్లాస్ గారు చెప్పినదానికి మన ఇళ్ల లెక్కలో ఇంకొన్ని. బాల్కనీ తలుపుకు పిల్లకు అందనంత పైన గడియ. రాత్రి పడుకునే ముందు బాత్రూమ్ బకెట్లు బోర్లించడం, తలుపు వేయడం. ఒక అడుగు నీళ్లున్న బకెట్లోకి తలకిందులుగా పడితే రెండేళ్ల పిల్ల తనంతట తాను పైకి లేవలేదు. ఇంకోటి, నేల మీద పడుకుంటే దోమల మందు మెషీన్ పెట్టే కింది ప్లగ్గు సరిగ్గా పిల్ల చేతి దగ్గరికి వస్తుంది. దాన్ని పై ప్లగ్గుకు మార్చండి.

మియాపూర్ అమ్మ
అందరికీ థాంక్సండీ. దిండు తీసేశాను. మా క్రిబ్ పక్కలు ఊడవు, కాబట్టి మా మంచం పక్కనే నేల మీద పరుపు వేశాం. పడుకోవడం బాగానే పడుకుంటోంది, కానీ లైట్ తీసిన కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చేస్తోంది. పడుకోబెడితే మళ్లీ వస్తుంది. కథ చెప్పమంటుంది, నీళ్లంటుంది, "నాన్న ఏడి" అంటుంది. కోప్పడాలా, నా పక్కన పడుకోనివ్వాలా?

నెల్లూరు టీచర్
కోపం వద్దు, కబుర్లూ వద్దు. మాకు పనిచేసింది ఇదే. లేచి వచ్చినప్పుడల్లా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ప్రతిసారీ ఒకే మాట: "నిద్ర టైమ్ కన్నా, అమ్మ ఇక్కడే ఉంది." అంతే, తల నిమిరి వచ్చేయడం. లైట్ వేయం, ఫోన్ చూపించం, కొత్త కథ చెప్పం. మనం తిట్టినా, నవ్వినా పిల్లలకు అది ఆటే, ఇంకోసారి వస్తారు. మొదటి రాత్రుళ్లు ఓపిక పరీక్షిస్తారు, తర్వాత రావడం తగ్గుతుంది.

నీళ్లు, బాత్రూమ్, నాన్నకు ముద్దు, అన్నీ పడుకోకముందే అయిపోవాలి. అదే వరసలో రోజూ. మా అమ్మాయి చివరకు తనే "నీళ్లైపోయాయి, ఇక జోల" అని గుర్తు చేసేది. దుప్పటి ఏది కావాలో తననే ఎంచుకోనివ్వండి, "నా పరుపు" అని గర్వంగా చెప్పుకుంటుంది.

మధ్యాహ్నం నిద్ర కూడా అక్కడే పడుకోబెట్టండి. ఒకపూట క్రిబ్, ఒకపూట పరుపు అంటే పిల్లకు తికమక. మధ్యాహ్నం నాలుగున్నర దాకా పడుకోనిస్తే మాత్రం రాత్రి పది దాటినా కళ్లు మూయరు. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలంటారు, మూడేళ్లొచ్చాక 10 నుంచి 13. ఆ లెక్కలో ఏది ఎక్కడ సర్దాలో చూసుకోండి.

ఇద్దరు పిల్లల తల్లి
చెల్లీ, కాన్పుకు కనీసం రెండు నెలల ముందే ఇది పూర్తయ్యేలా చూసుకో. "చెల్లి వస్తోంది, అందుకే నువ్వు దిగిపో" అనే మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడు. చుట్టాలు సరదాకే అంటారు, కానీ ఆ వయసు పిల్ల అది నిజమని పట్టుకుంటుంది. మా ఆడపడుచు ఇంట్లో అదే జరిగింది. చంటివాడిని తొట్టిలో పెట్టగానే పెద్దది కడ్డీ పట్టుకుని "ఇది నాది" అని ఏడుపు. మేము పెద్దదాన్ని మార్చాక క్రిబ్‌ను విప్పి మంచం కింద పెట్టేశాం. కొన్నాళ్లు కనిపించకపోయేసరికి దాని మీద మమకారం పోయింది. తర్వాత బిగించేటప్పుడు తనే స్క్రూలు అందించింది.

మియాపూర్ అమ్మ
అక్కా, ఈ మాట మా ఇంట్లో అప్పుడే మొదలైంది. ఈరోజే అత్తయ్యకు చెబుతాను. ఇంకొక్కటి. ముందుముందు మా మంచం మీదకు మార్చాల్సి వస్తే పక్కన బిగించే రెయిలింగ్ కొనొచ్చా?

పిల్లల వార్డు నర్సు
రెండేళ్లు నిండాయి కాబట్టి వాడొచ్చు. ఆ లోపు పిల్లలకు వద్దు. బిగించాక పరుపును గట్టిగా పక్కకు నెట్టి చూడండి. రెయిలింగుకూ పరుపుకూ మధ్య సందు వస్తే వెనక్కి ఇచ్చేయండి. పిల్ల ఆ సందులో ఇరుక్కుంటే ఊపిరాడదు. మంచానికీ గోడకూ మధ్య సందు కూడా అంతే ప్రమాదం. అది పడటం కన్నా ఎక్కువ భయపడాల్సిన విషయం.

ఎప్పుడైనా మంచం మీద నుంచి పడితే, వెంటనే ఏడ్చి, కాసేపటికి మామూలుగా ఆడుకుంటే ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండండి. స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతి చేసుకున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.