లంకలో ఉంటున్నాం: పాపని ఇంట్లోనే చదివించాలా, ఊరి బడిలో వేయాలా?

వైనతేయ గట్టు
అందరికీ నమస్కారం అండీ. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక ఊరు. పాపకి ఏడేళ్ళు నిండాయి, రెండో తరగతి అయింది. ఇప్పటిదాకా ఏటి అవతల కాన్వెంటుకి పంపాం. పొద్దున్న 7 గంటలకి ఆటో ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి ఇంటికొస్తుంది. వచ్చాక హోంవర్కు, అన్నం, నిద్ర. మాతో రెండు మాటలు మాట్లాడే టైం కూడా ఉండదు.

పోయిన వరదలకి కాజ్‌వే మునిగి తొమ్మిది రోజులు బడికి వెళ్ళలేదు. ఆ తొమ్మిది రోజులూ అరుగు మీద కూర్చోబెట్టి నేనే చెప్పాను. మూడు నెలల నుంచి రాని అప్పు తీసివేతలు ఆ అరుగు మీద వచ్చేశాయి. అప్పటి నుంచి ఒకటే ఆలోచన, ఇంట్లోనే చదివిస్తే ఏమవుతుంది అని. నేను బీఎస్సీ చదివాను. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఇంట్లో అత్తగారు, మామగారు ఉన్నారు. మామగారేమో "ఊరి బడి మన వీధి చివరే ఉంది కదమ్మా, నేనూ నీ మొగుడూ అక్కడే చదివాం" అంటున్నారు. కాన్వెంటు మాత్రం ఇక వద్దనుకున్నాం. ఇంట్లో చదివించినవాళ్ళు, ఊరి బడిలో వేసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి. రేపు పదో తరగతికి ఇబ్బంది వస్తుందా? అదే నా టెన్షన్.

రాజోలు అమ్మ
చెల్లీ, నేను రెండేళ్ళు ఇంట్లో చదివించాను. 2021లో మొదలుపెట్టి 2023లో ఊళ్ళో సర్కారు బడిలో వేశాను. అందుకే మంచీ చెడూ రెండూ చెబుతాను.

కోవిడ్‌కి బడులు మూసినప్పుడు మా బాబు ఫోన్‌లో పాఠాలు వినలేక ఏడ్చేవాడు. బడులు తెరిచాక కూడా పంపలేదు. పొద్దున్న రెండు గంటలు పుస్తకం, అంతే. మిగతాదంతా తోటలోనే. కొబ్బరి దింపు రోజున లెక్క వాడిదే. ఏ చెట్టుకి ఎన్ని కాయలు, మొత్తం ఎన్ని, వెయ్యికి ఇంత రేటైతే ఎంతొస్తుంది, దింపు కూలీ, ఒలుపు కూలీ పోతే మిగిలేది ఎంత. ఎనిమిదేళ్ళకే నోటి లెక్కలో వాళ్ళ నాన్నని మించిపోయాడు. 2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది కదా. ఆ ఏడాది 25 లక్షలు దాటింది. టీవీలో చెప్పిన అంకె వాడు పూటపూటా రాసుకుని గ్రాఫు కాగితం మీద గీత గీశాడు. లక్ష అంటే ఎంతో, పది లక్షలు అంటే ఎంతో, అది మన వాకిట్లోకి వస్తే ఏమవుతుందో వాడికి అప్పుడే తెలిసింది. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఇక రెండోది. అమ్మే టీచరైతే బిడ్డకి అమ్మ ఉండదు. ఈ మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు. పొద్దున్న ఎక్కాలు రాలేదని కోప్పడ్డ నోటితోనే మధ్యాహ్నం అన్నం పెట్టాలి. వాడు నా ముఖం చూసి "ఇప్పుడు నువ్వు టీచరా, అమ్మవా?" అని అడిగాడు ఒకరోజు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా పెళ్ళి వచ్చినా, జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా బడి ఆగిపోయేది. రెండో ఏడాది కాగితం మీద లెక్కేసి చూస్తే నిజంగా కూర్చున్న రోజులు సగం కూడా లేవు. ఇంకో సంగతి, వాడికి స్నేహితులు లేరు. సాయంత్రం నాలుగయ్యేసరికి గేటు పట్టుకుని బడి నుంచి వచ్చే పిల్లల కోసం చూసేవాడు. అది చూశాకే మనసు మార్చుకున్నాను.

బడిలో వేశాక మొదటి రెండు నెలలు గోలగా ఉంది, ఎక్కడ ఏం మాట్లాడాలో వాడికి తెలియలేదు. ఇప్పుడు జడ్పీ హైస్కూల్లో ఏడుకి వెళ్ళబోతున్నాడు. ఆ రెండేళ్ళ గురించి నేను బాధపడను. మూడో ఏడాది మాత్రం కొనసాగించకూడదనుకున్నాను, కొనసాగించలేదు.

ఐదెకరాల రైతు
నేను వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఒకప్పుడు 90 మంది ఉండేవారు. చదువుకున్న ఇళ్ళ పిల్లలంతా కాన్వెంటు ఆటోలు ఎక్కేశారు. పిల్లలు తగ్గితే టీచరు పోస్టు పోతుంది, పోస్టు పోతే ఇంకొందరు మానేస్తారు. ఇప్పుడు 17 మంది, ఒక్క టీచరు. ఆ 17 మందీ కూలికి వెళ్ళే ఇళ్ళ పిల్లలే. వాళ్ళకి ఇంట్లో చదివించే బీఎస్సీ తల్లి లేదు. మీలాంటి తల్లి పాపని తీసుకుని ఆ బడి గడప తొక్కితే ఆ పదిహేడు మందికీ మేలు. ఇది మీ మీద భారం వేయడం కాదమ్మా. నాకు ఆ బడి అంటే ప్రాణం.

పాత హెచ్ఎం
నేను ఆచంట వైపు పనిచేసి రిటైరైన ప్రధానోపాధ్యాయుడిని. కాగితాల సంగతి చెబుతాను, పదో తరగతి గురించి అడిగారు కాబట్టి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య. ఇంట్లో చదివించడం గురించి అందులో సాధారణ పిల్లల విషయంలో సరేననీ లేదు, కూడదనీ లేదు. పేరు బడి నుంచి తీసేస్తే ఊరి సచివాలయం వాళ్ళో, విద్యాశాఖ తరఫున బడులు చూసే సీఆర్పీయో ఎవరో ఒకరు ఇంటికి వచ్చి బడి మానేసిన పిల్ల అని రాసుకుంటారు. వాళ్ళని శత్రువులుగా చూడొద్దు, వాళ్ళ పని అది. మర్యాదగా పుస్తకాలు చూపించండి.

మళ్ళీ చేర్చడం గురించి భయం అక్కర్లేదు. సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పాలి. టీసీ ఆలస్యమైందనో, వయసు కాగితం లేదనో సర్కారు బడి చేర్చుకోవడం మానకూడదు. మా బడికి ఒకసారి డిసెంబరులో ఇటుకబట్టీల నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు, అప్పుడే చేర్చుకున్నాం.

ఇంట్లో చదివిస్తే పోయేవి కూడా తెలుసుకోండి. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకి 15,000, అందులో బడి నిర్వహణకి 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. అది బడిలో పేరు, హాజరు ఉంటేనే. పెద్ద తరగతుల్లో సర్కారు బడి పిల్లలకి ఇంకా కొన్ని ఉన్నాయి. ఎనిమిదిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. నూజివీడు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల పదో తరగతి మార్కులతో సీటిచ్చేటప్పుడు సర్కారు బడి పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. మా బడి నుంచి ఒక జాలరి బిడ్డ అలా వెళ్ళింది. ఆ రోజు బడి అంతా పండగే.

చేపల చెరువు నాన్న
భీమవరం దగ్గర అండి. మాది మీలాగా ఎంచుకున్న దారి కాదు. మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, కూర్చోవడమే కష్టం. 2012లో చట్టం సవరించి, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గరే చదువుకునే హక్కు ఇచ్చారు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచరు మా ఇంటికి వచ్చి చెబుతారు. పేరు మాత్రం ఊరి బడి రిజిస్టరులోనే ఉంది. ఆగస్టు 15కి హెచ్ఎం గారు వాడికోసం ప్రత్యేకంగా ఆటో పంపించారు. జెండా ఎగరేస్తుంటే వాడు నవ్వాడు. ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి ఆఫీసులో భవిత కేంద్రం గురించి అడగండి. చాలామందికి తెలియకే ఊరుకుంటున్నారు.

ఓపెన్ స్కూల్ తమ్ముడు
అక్కా, నేను ఎనిమిది తర్వాత బడికి వెళ్ళలేదు. ఇంట్లో చదివి జాతీయ ఓపెన్ స్కూలు, అంటే ఎన్ఐఓఎస్‌లో పది, ఇంటర్ పాసయ్యాను. ఇప్పుడు కాకినాడలో డిగ్రీ. పదికి 14 ఏళ్ళు నిండాలి, ఇంటర్‌కి 15. ఐదు సబ్జెక్టులు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మేలో ఒకసారి, అక్టోబరు–నవంబరులో ఒకసారి. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు కాబట్టి ఫెయిలైనా భయం లేదు. తెలుగు మీడియం ఉంది. మన రాష్ట్రానిదే ఏపీ ఓపెన్ స్కూల్ కూడా ఉంది.

ఒక్క దగ్గర ఇబ్బంది పడ్డాను. కాలేజీ సీటుకి లోకల్ కేటగిరీ కావాలంటే వరసగా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నా దగ్గర మధ్యలో ఖాళీ. తహసీల్దారు ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాల్సి వచ్చింది, దానికి మూడు వారాలు తిరిగాను. ఆధార్, రేషన్ కార్డులో పాప పేరు, ఊరి అడ్రసు ఇప్పుడే సరిగ్గా ఉంచుకోండి.

ఇంకోటి చెప్పాలి. చదువు నాకు ఇంట్లోనే బాగా వచ్చింది. కానీ పదో తరగతి బ్యాచ్ అని అందరూ ఫొటోలు పెట్టుకుంటారు కదా, నాకు ఆ బ్యాచ్ లేదు. అది ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

వైనతేయ గట్టు
అందరికీ చాలా థాంక్స్ అండీ. రాజోలు అక్క రాసిన గేటు సంగతి చదివి ఏడుపొచ్చింది. మా పాప ఇప్పటికే అలాంటి పిల్ల, తోడు లేకపోతే ఉండలేదు. మాస్టారూ, ఒక్క ప్రశ్న. మా ఊరి బడిలో 23 మంది, ఒక్క టీచరే. ఐదు తరగతులు కలిపి ఒక్కరు ఏం చెప్పగలరు? నా అసలు భయం అదే.

పాత హెచ్ఎం
భయపడాల్సిన మాటే అమ్మా. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఇంకొకరిని అడిగే హక్కు మీకు ఉంది. అయితే మీరు ఒక్కరే వెళ్ళి అడిగితే అర్జీ, కమిటీ అడిగితే తీర్మానం. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చాలా ఊళ్ళలో సంతకాలతోనే సరిపెడుతున్నారు. మీలాంటివాళ్ళు అందులో కూర్చోవాలి.

బడిలో వేసే ముందు ఒక పని చేయండి. చెప్పాపెట్టకుండా ఒకరోజు ఉదయం పదిన్నరకి వెళ్ళి గుమ్మం దగ్గర కాసేపు నిలబడండి. టీచరు ఒక తరగతికి చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ ఏం చేస్తున్నాయో చూడండి. చేతికి పని ఇచ్చి ఉంచారా, ఊరికే అరుస్తున్నారా? ఒక్క టీచరు బడిలో మంచి టీచరెవరో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మధ్యాహ్నం అన్నం టైములో ఇంకోసారి వెళ్ళండి.

రాజోలు అమ్మ
పుస్తకాలు కూడా చూడండి చెల్లీ. సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. సాయంత్రం మనం కూర్చోబెట్టి చెప్పడానికి అంత సుళువు ఇంకే పుస్తకమూ లేదు. మా అత్తగారు తెలుగు పేజీ చదివితే వాడు ఇంగ్లీషు పేజీ చదువుతాడు.

వైనతేయ గట్టు
జూన్ నెలాఖరు కదా, ఏం జరిగిందో రాయాలనిపించింది. బడులు తెరిచిన వారం నేను రెండుసార్లు వెళ్ళాను, మాస్టారు చెప్పినట్టే. టీచరు గారు రెండో తరగతి పిల్లలకి చదివిస్తున్నారు. నాలుగు, ఐదు వాళ్ళు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి చిన్నవాళ్ళకి లెక్క చెబుతున్నారు. అరుపుల్లేవు. ఆవిడ నన్ను చూసి "రండమ్మా, కూర్చోండి" అని కుర్చీ వేశారు. గంటన్నర కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే తిన్నాను. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా. ఆవిడది మా పక్కనున్న లంకల గన్నవరమే. మా మామగారి నాయనమ్మ ఆవిడ ఇంట్లో అన్నం తిన్నానని చెప్పేవారట. పప్పు కొంచెం పల్చగా ఉంది, గుడ్డు బాగుంది. పిల్లలకి కొసరి కొసరి వడ్డించారు.

పాపని మూడో తరగతిలో చేర్చాను. పొద్దున్న 7 గంటల ఆటో లేదు, కాజ్‌వే దాటే పని లేదు. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా అరుగు మీద నేను చెబుతున్నాను. పక్కింటి కూలీల పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చుంటున్నారు, పొమ్మనలేదు. మూడో రోజు మా పాప వాళ్ళకి చీపురుపుల్లల లెక్క తనే చెప్పింది. నేను పక్కన కూర్చుని విన్నాను. మా ఆయనకి వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు.

రెండో టీచరు సంగతి మాత్రం తేలలేదు. కమిటీలో పేరు ఇచ్చాను. వచ్చే బుధవారం మీటింగు ఉంది. మాస్టారూ, తీర్మానం ఎలా రాయాలో ఒక నమూనా పెట్టగలరా?

పాత హెచ్ఎం
ఈ రాత్రికే రాసి పెడతానమ్మా. అందులో పిల్లల సంఖ్య తరగతి వారీగా వేయాలి, రిజిస్టరు చూసి సరైన అంకెలు తెచ్చుకోండి.

ఐదెకరాల రైతు
నాకూ ఒక కాపీ కావాలి మాస్టారూ. మా బడికి కూడా.

రాజోలు అమ్మ
చెల్లీ, జూలై వచ్చేస్తోంది. ఎగువన అప్పుడే వానలు మొదలయ్యాయంట. నాలుగు గ్రాఫు కాగితాలు తెచ్చి ఉంచు, ఆ ఇద్దరు పిల్లలకీ చెరొకటి ఇవ్వు.