40 లక్షల సీఎస్‌ఆర్‌కి ప్లాన్ రాయమన్నారు, ఎక్కడ మొదలెట్టాలి?

మార్చి_చెక్కు:
నమస్తే అందరికీ. సంగారెడ్డి జిల్లాలో ఓ మోస్తరు ఫార్మా కంపెనీలో ఫైనాన్స్ చూస్తాను. మూడేళ్ల సగటు లాభం 20 కోట్లు, అందులో చట్టం ప్రకారం సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన 2 శాతం (అదే సీఎస్‌ఆర్) అంటే 40 లక్షలు. ఇన్నాళ్లూ మార్చి వచ్చేదాకా ఎవరికీ గుర్తుండేది కాదు, చివర్లో ఎవరో తెలిసినవాళ్లు అడుగుతారు, స్కూల్ బ్యాగులో కుట్టుమిషన్లో ఇచ్చి ఫోటో దిగేసి ఫైల్ మూసేస్తాం. ఈసారి ఎండీ గారు పద్ధతిగా ప్లాన్ రాయి, మన వ్యాపారానికీ పనికిరావాలి అన్నారు. మా ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్) అప్‌గ్రేడ్ ఖర్చు ఇందులో చూపించొచ్చా అని కూడా అడిగారు. మూడేళ్ల కింద ఊరి బడికి మేమిచ్చిన వాటర్ ప్లాంట్ ఎలా ఉందో చూద్దామని పోయినవారం వెళ్తే నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పోయి ఏడాది అయిందట, ఆ రూంలో క్రికెట్ బ్యాట్లు, చీపుర్లు పెట్టుకున్నారు, ట్యాంకు మీద మా లోగో మాత్రం తళతళలాడుతోంది. సిగ్గేసింది అండి నిజంగా.

సీఎస్_మేడమ్:
ఈటీపీ ఆలోచన ఇక్కడే వదిలేయండి. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పని సీఎస్‌ఆర్ కిందకి రాదు. మీ ఉద్యోగులకి మాత్రమే లాభం ఉండేదీ, బ్రాండ్ పబ్లిసిటీ కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కూడా రావు. మీది 50 లక్షల లోపు కాబట్టి విడిగా కమిటీ అక్కర్లేదు, ఆ పని బోర్డే చేస్తుంది. మార్చి హడావుడికి అసలు మందు ఏంటంటే, పనిని మొదట్లోనే ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా బోర్డులో పెట్టి మొదలెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకు నడపొచ్చు, మిగిలిన డబ్బు ఏప్రిల్ 30 లోపు అన్‌స్పెంట్ అకౌంట్‌లో (ఖర్చు కాని సీఎస్‌ఆర్ డబ్బుకి విడిగా తెరిచే బ్యాంకు ఖాతా) వేసి తర్వాతి మూడేళ్లలో ఖర్చు పెట్టొచ్చు. ఆ అకౌంట్‌లో డబ్బు ఉంటే మాత్రం 50 లక్షల లోపైనా కమిటీ వేయాల్సిందే. ఆన్‌గోయింగ్ కాకపోతే మిగిలింది సెప్టెంబర్ 30 లోపు కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో ఉన్న ఫండ్‌కి కట్టేయాలి. 2021 మార్పుల నుంచి ఇదే లెక్క. ఎన్జీవో ద్వారా చేస్తే వాళ్లకి సీఎస్‌ఆర్-1 నంబరు (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర రిజిస్ట్రేషన్) ఉందో లేదో ముందే చూసుకోండి.

బడి_సారు:
సార్, నేను సర్కారు బడిల పంతులుని. మాకు ఒక కంపెనీ టాయిలెట్లు కట్టించింది, మంచిగనే కట్టిన్రు, టైల్స్ గిట్ల ఏసిన్రు. నీళ్ల కనెక్షన్ మాత్రం మర్చిపోయిన్రు! రెండు నెలలు బకెట్లతోని మోసినం, ఆఖరికి తాళమేసినం, చెవి హెడ్‌మాస్టర్ టేబుల్ సొరుగుల ఉన్నది. ఇచ్చేముందు మాకేం కావాల్నో ఎవ్వలూ అడగలే. ఇంకో మాట, ఏమనుకోకున్రి, పటాన్‌చెరు దిక్కు చెరువుల గతి అందరం చూసినోళ్లమే, రాత్రిపూట ఫ్యాక్టరీ వాసన వస్తుంటే పొద్దుగాల మీరు పంచే బ్యాగులని జనం నమ్మరు.

ఫీల్డ్_వర్కర్:
సార్ చెప్పింది వంద శాతం. ఎన్జీవో సైడ్ నుంచి ఇంకోటి చెప్తా, చాలా కంపెనీలు 5 శాతం రూల్ చూపించి మా ఫీల్డ్ స్టాఫ్ జీతాలు కోసేస్తాయి. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ ఆఫీసు నడుపుకునే ఖర్చుకి అన్నా, ఊళ్లో ప్రాజెక్టు నడిపే మనిషి జీతం అందులోకి రాదు. మనిషి లేకపోతే ఏ ప్లాంటైనా మీ బ్యాట్ల రూమే. నా సలహా, పది ఊళ్లు వద్దు, మీ గేటు చుట్టూ ఉన్న మూడు ఊళ్లు చాలు, ఒకటే విషయం పట్టుకోండి. మీ దగ్గర కెమిస్టులు ఉన్నారు కదా, నెలకోసారి బోరు నీళ్లు టెస్ట్ చేసి రిపోర్టు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి. బిల్డింగ్ కట్టడం కంటే ఇదే కష్టం, ఎందుకంటే రిపోర్టు బాగోకపోతే మొదట వేలు మీవైపే చూపిస్తారు.

మార్చి_చెక్కు:
అందరికీ థాంక్స్. ఈటీపీ మాట ఎండీ గారికి చెప్పేశాను, మొహం మాడ్చుకున్నారు కానీ ఒప్పుకున్నారు. మూడు ఊళ్లు, తాగునీళ్లు, మూడేళ్లు అని డ్రాఫ్ట్ రాశా, అందులో మెయింటెనెన్స్‌కి, ఊరికి ఒక ఆపరేటర్ జీతానికి విడిగా లైన్లు పెట్టా. నీళ్ల టెస్ట్ మా ల్యాబ్‌లో చేస్తే జనం నమ్ముతారా, బయట ల్యాబ్‌కి ఇవ్వాలా?

బడి_సారు:
బయటకే ఇయ్యున్రి సార్. శాంపిల్ పట్టేటప్పుడు మాత్రం ఊరోళ్లని పక్కన నిలబెట్టున్రి.