కచేరీలో ప్లగిన్లు: ల్యాప్‌టాప్ చాలునా, సర్వర్ కావాలా?

ప్రశ్న: కచేరీల్లో డిజిటల్ కన్సోల్‌కు (శబ్దాలను కలిపే మిక్సర్‌కు) వేవ్స్ సంస్థ ప్లగిన్లు (ధ్వనిని మలిచే సాఫ్ట్‌వేర్) జోడించదలచాము. గాయకులు ఇన్-ఇయర్ మానిటర్లు (తమ పాటను తాము వినే ఇయర్‌ఫోన్లు) వాడతారు. ఆ ప్లగిన్లను నడిపే ప్రత్యేక కంప్యూటరైన సౌండ్‌గ్రిడ్ సర్వర్ తప్పనిసరా, ల్యాప్‌టాప్ సరిపోతుందా?

జవాబు: ల్యాప్‌టాప్‌లో ప్లగిన్లు నడిపితే, 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపిళ్ల బఫర్ (ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వ) వల్ల ఒక దిశలోనే సుమారు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది; రానూపోనూ ఆలస్యం కలిపితే, తన గొంతు ఎముకల ద్వారా ముందే వినే గాయకుడికి స్వరం పలుచబడినట్లు తోస్తుంది. సర్వర్ ఉంటే ప్రాసెసింగ్ భారం దానిదే, కంప్యూటర్ నియంత్రణకు మాత్రమే. అందుకే గాత్రానికి నేను సర్వర్‌నే ఎంచుకుంటాను.

మరో జవాబు: సర్వర్ ఉన్నా లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు (హెచ్చు, తగ్గు స్థాయి ధ్వనుల పాళ్లు సవరించే ఒక రకం ప్లగిన్లు) తమ ఆలస్యాన్ని చేరుస్తాయి కనుక వాటిని మానిటర్ దారిలో పెట్టకండి. రివర్బ్‌కైతే (గది ప్రతిధ్వనిని జోడించే ప్లగిన్‌కైతే) ల్యాప్‌టాపే చాలు, ఆ ఆలస్యం ప్రీ-డిలేలో (ప్రతిధ్వని మొదలయ్యే ముందుండే విరామంలో) కలిసిపోతుంది.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. వేదిక వద్ద ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌నే వాడవచ్చునా?

జవాబు: వద్దు. సౌండ్‌గ్రిడ్‌కు ప్రత్యేకంగా ఒక గిగాబిట్ స్విచ్ కేటాయించి, దానిలో విద్యుత్ ఆదా సదుపాయాన్ని ఆపివేయండి.