ఒకే వైల్డ్‌ఫ్లైలో ఆరు వార్ ఫైళ్లు ఉంచాలా, విడగొట్టి దేని జార్ దానికి చేసేయాలా?

పెన్నాగట్టు:
నెల్లూరులో చిన్న ఆఫీసు మాది, నలుగురం డెవలపర్లం. చీమకుర్తి క్వారీల కాటా బిల్లులు, రొయ్యల మేత డీలర్ల ఖాతాలు, జీతాలు, ఇంకో మూడు చిన్నవి, మొత్తం ఆరు జావా అప్లికేషన్లు, తలా ఒక వార్ ఫైలుగా (సర్వర్‌లో వేసే ప్యాకేజీ), ఒకే వైల్డ్‌ఫ్లై 26 అప్లికేషన్ సర్వర్‌లో నడుస్తున్నాయి. 8 జీబీ మెషీన్. పోయిన నెలాఖర్లో మేత ఖాతాల్లో ఎవరో ఏడాది మొత్తానికి రిపోర్టు నొక్కారు. ఆ కోడ్ రాసింది నేనే, రికార్డులన్నీ మెమరీలోకి లాగి పీడీఎఫ్ చేస్తుంది. హీప్ (జావాకి ఇచ్చిన మెమరీ) నిండి, ఆరింటినీ నడిపే జేవీఎమ్ కూలబడింది, దాంతోపాటే కాటా కూడా. అక్కడ రాళ్ల లారీలు వరస కట్టి నిలబడిపోతే క్వారీ నుంచి నాకు ఫోన్ మీద ఫోన్. రొయ్యలకీ రాళ్లకీ ఏం సంబంధమయ్యా అని అడిగితే ఏం చెప్పను? కొత్తగా చేరిన తమ్ముడేమో అన్నీ స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాసి, వేటికవే విడిగా నడిచే ఆరు జార్‌లు చేద్దాం అంటున్నాడు. ఈజేబీలు (సర్వర్ నడిపించే జావా క్లాసులు, బీన్లు అంటాం) నలభై దాకా ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

మైపాడు అల:
తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అన్నా. ఒక మెషీన్, ఒక జేవీఎమ్, అందరూ అందులోనే సర్దుకోండి అనేది పాతకాలం పద్ధతి. స్ప్రింగ్ బూట్ 2014లో వచ్చినప్పట్నుంచీ టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ జార్ లోపలే ఉంటోంది, లైనక్స్ సిస్టమ్‌డీలో ఒక సర్వీసు రాసి పెట్టుకుంటే పడిపోయినా దానంతటదే లేస్తుంది. చస్తే ఒక్కటే చస్తుంది. ఇంకో మాట, మీరు 26 దగ్గర ఎందుకు ఆగారో నాకు తెలుసు. 27 నుంచి జావాఎక్స్ ప్యాకేజీలు పోయి జకార్తా వచ్చింది, అంటే కోడ్‌లో ఆ పేర్లు మార్చుకోవాలి. ఒకే సర్వర్‌లో ఉన్న పాపానికి ఆరూ ఒకేసారి మారాలి, ఒక్కటి రెడీగా లేకపోయినా మిగతా ఐదూ దానికోసం కాచుకోవాలి.

ఒంగోలు గిత్త:
అబ్బయ్యా, టామ్‌క్యాట్‌ని జేబులో పెట్టుకు తిరుగుతూ కంటైనర్ (అప్లికేషన్లని నడిపే సర్వర్) వదిలేశాం అంటే ఎట్టా? 2003లో ఈజేబీ 2 రాసినోణ్ణి నేను. ఒక్క పొగాకు బేలు ఎంట్రీకి హోమ్ ఇంటర్‌ఫేస్ ఒకటి, రిమోట్ ఇంటర్‌ఫేస్ ఒకటి, బీన్ క్లాసు ఒకటి, ఇవి చాలవన్నట్టు ఎక్స్‌ఎంఎల్ ఫైలు. ఆ రోజుల్లో కంటైనర్ని తిట్టుంటే నేనూ గొంతు కలిపేవాణ్ణే. 2006లో ఈజేబీ 3 వచ్చాక క్లాసు మీద స్టేట్‌లెస్ అని ఒక్క యానొటేషన్ పెడితే చాలు, మెథడ్‌లోకి అడుగు పెట్టగానే ట్రాన్సాక్షన్ మొదలవుతుంది, రన్‌టైమ్ ఎక్సెప్షన్ వస్తే అంతా వెనక్కి పోతుంది. పెన్నాగట్టు వాళ్ల నలభై బీన్లలో ఎన్నిచోట్ల ఈ ధీమాతో కోడ్ రాసుంటారో వాళ్లకే గుర్తుండదు. తిరగరాసేటప్పుడు ఒక్కచోట ట్రాన్సాక్షనల్ అని పెట్టడం మర్చిపోతే చాలు, బిల్లు ఎక్కుతుంది, స్టాకు తగ్గదు, అది బయటపడేది ఆడిట్‌లో. పాస్‌వర్డ్ల సంగతీ చూడండి. డేటాసోర్స్ (డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డ్) సర్వర్‌లో పెట్టి కోడ్‌లో దాన్ని వెతికే జేఎన్‌డీఐ పేరొక్కటే రాస్తే, టెస్టింగ్‌లో ఆడిన వార్ ఫైలే ముట్టుకోకుండా లైవ్‌కి పోతుంది. జార్‌ల వాళ్లు ప్రాపర్టీస్ ఫైల్లో పాస్‌వర్డ్ రాసి గిట్‌లోకి ఎక్కించడం నేను రెండుసార్లు చూశా.

మైపాడు అల:
పాస్‌వర్డ్ ఫైల్లో కాకుండా మెషీన్‌లో పెట్టుకోవడానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అని ఒకటుంది అన్నా. గిట్‌లో పెట్టినోడి తప్పు తెచ్చి జార్ నెత్తిన రుద్దుతారేంది.

కావలి ప్యాసింజర్:
ఇద్దరూ మెమరీ లెక్క వదిలేశారు. ఆరు జార్‌లకి తలా 512 ఎంబీ హీప్ అనుకున్నా 3 జీబీ. మెటాస్పేస్ (క్లాసులు కూర్చునే మెమరీ) వేరే, థ్రెడ్ స్టాకులు వేరే, ఒకే లైబ్రరీ క్లాసులు ఆరుసార్లు లోడవుతాయి. డేటాబేస్ కూడా ఆ 8 జీబీలోనే ఉంటే ఊపిరాడదు. అట్టాగని సర్వర్ని ఒకసారి ప్యాచ్ చేస్తే ఆరింటికీ పనైపోతుంది అనే మాట మాత్రం నా దగ్గర చెప్పొద్దు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడి గోల జరిగినప్పుడు మా దగ్గర సర్వర్ ఒకటే, కానీ ఆ జార్ ప్రతి వార్ లోపలా లిబ్ ఫోల్డర్‌లో విడివిడిగా కూర్చుని ఉంది. తొమ్మిదింటినీ మళ్లీ బిల్డ్ చేశాం, రెండు రాత్రులు నిద్రలేదు.

చీమకుర్తి రాయి:
రీస్టార్ట్ లేకుండా డిప్లాయ్ చేసుకోవచ్చు కదా అని ఇంకా ఎవరూ అనలేదేంది? అనకముందే చెప్తున్నా, నమ్మొద్దు. కొత్త వార్ ఫోల్డర్‌లో వేసి, పేరు పక్కన డిప్లాయ్డ్ అని చిన్న ఫైలు పడేదాకా కళ్లప్పగించి చూడటం, ఫెయిల్డ్ అని పడితే గుండె జారడం మాకు అలవాటే. అది పడినా కథ అయిపోదు. పాత అప్లికేషన్ ఏదో ఒక థ్రెడ్‌నో, థ్రెడ్‌లోకల్‌నో వదిలేసి పోతే దాన్ని పట్టుకుని పాత క్లాస్‌లోడర్ (దాని క్లాసులన్నిటినీ లోడ్ చేసింది) మొత్తం మెమరీలోనే ఉండిపోతుంది. ఒకప్పుడు క్లాసుల మెమరీ అయిన పర్మ్‌జెన్ నిండింది అని ఎర్రర్ వచ్చేది, జావా 8 నుంచి మెటాస్పేస్, దానికి మామూలుగా హద్దు ఉండదు కాబట్టి ఎర్రర్ కూడా రాకుండా మెషీన్ మెమరీ తింటూ పోతుంది. పేరే మారింది, రోగం అదే. చివరికి మేం డిప్లాయ్ చేసిన ప్రతిసారీ రీస్టార్టే కొడుతున్నాం, అందరూ టీకి లేచినప్పుడు.

అయినా రెండే దారులున్నట్టు కొట్టుకుంటున్నారు మీరు. అదే వైల్డ్‌ఫ్లైని ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి పోర్ట్ ఆఫ్‌సెట్ 100 ఇచ్చి లేపండి. 8080 ఉన్నది 8180 అవుతుంది, మేనేజ్‌మెంట్ 9990 కాస్తా 10090. కాటా ఒక్కదాన్నే అందులో వేయండి. కోడ్‌లో ఒక్క లైను ముట్టుకోనక్కర్లేదు.

ఒంగోలు గిత్త:
ఇది మాట. లారీ ఆగితే డబ్బు ఆగేది ఆ ఒక్కదాని దగ్గరే కదా.

మైపాడు అల:
వాయిదా వేస్తున్నారు అంతే. జకార్తాకి ఎప్పటికైనా మారక తప్పదు, అప్పుడు మళ్లీ ఇదే చర్చ.

పెన్నాగట్టు (వారం తర్వాత):
కాటాని 8180కి మార్చా. రాయి అన్నా, ఒక్క లైను ముట్టుకోనక్కర్లేదు అన్నావు, లేపగానే జీతాల అప్లికేషన్ పడిపోయింది. లాగ్‌లో పేరు దొరకలేదని ఎర్రర్. చూస్తే లోడింగ్ కూలీలకి టన్నుల లెక్కన ఇచ్చే డబ్బు కోసం జీతాలది కాటా బీన్‌ని లోకల్ ఇంటర్‌ఫేస్‌తో నేరుగా పిలుస్తోంది. ఒకే జేవీఎమ్‌లో ఉన్నన్నాళ్లూ చెల్లింది, ఎవరు రాశారో కూడా గుర్తులేదు. రిమోట్ చేద్దామంటే అటూ ఇటూ పోయే క్లాసులన్నీ సీరియలైజ్ అయ్యేలా (బైట్లుగా మార్చి పంపగలిగేలా) మార్చాలి, అదంతా ఎందుకని టన్నుల టేబుల్ నుంచి నేరుగా చదివేలా ఒక ముప్పై లైన్లు రాశా. గిత్త అన్న తిడతాడని తెలుసు. రిపోర్టుని కూడా ఐదొందల రికార్డులకొకసారి ఫైల్లోకి రాసేలా మార్చా, ఆ మాటకొస్తే ముందు చేయాల్సిన పని అదే. చిన్న అప్లికేషన్ ఒకటి తమ్ముడు స్ప్రింగ్ బూట్‌లో రాసి చూపిస్తానన్నాడు, సరే అన్నా. జకార్తా మాత్రం జీతాల మీద ట్రై చేశా, జావాఎక్స్ ఉన్నచోటల్లా జకార్తా అని రీప్లేస్ కొడితే డేటాసోర్స్ క్లాసులే దొరకడం లేదు, స్క్రీన్ నిండా ఎరుపు.

ఒంగోలు గిత్త:
టేబుల్ సంగతి తర్వాత తిడతాలే. జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ నేమింగ్ జేడీకేవి (జావాతోనే వచ్చేవి) అబ్బయ్యా, అవి మారవు, వాటిని వెనక్కి పెట్టు. జావాఎక్స్ ట్రాన్సాక్షన్ మారుతుంది కానీ దాని కిందున్న ఎక్స్‌ఏ ప్యాకేజీ మారదు, అక్కడ చూసుకో.