గో లాంగ్వేజ్‌లో అపెండ్ చేస్తే అసలు స్లైస్ మారిపోతోంది, జీసీ (గార్బేజ్ కలెక్టర్) ఉన్నా ఇదేంటి?

రాత్రిబగ్గు: స్లైస్‌లోంచి (గోలో లిస్టు లాంటిది) మొదటి రెండు ఎలిమెంట్లు కోసి వేరే ఫంక్షన్‌కి పంపాను. అక్కడ అపెండ్ చేస్తే (చివర ఒకటి చేర్చితే) ఇక్కడ మూడోది మారిపోయింది. వాడని మెమరీని తనే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ ఉంటే మెమరీ సేఫ్ అన్నారు కదా? టెస్టులన్నీ పాసయ్యాయి. పైథాన్‌లోనూ ఇంతేనా?

స్లైస్‌పురుగు: కెపాసిటీ (మొత్తం ఎన్ని పడతాయో) చూశారా? లెంగ్త్ 2 అయినా వెనకున్న అర్రే అదే. అందులో చోటుంటే అపెండ్ అక్కడే రాసేస్తుంది, నిండితేనే కొత్త అర్రేకి కాపీ చేస్తుంది. టెస్ట్ డేటాలో నిండి ఉంటుంది, అందుకే పాసయింది. కోసేటప్పుడు మూడో సంఖ్య కూడా ఇచ్చి కెపాసిటీని బిగించండి, గో 1.2 నుంచీ ఉంది. లేదా 1.21లో వచ్చిన స్లైసెస్ ప్యాకేజీలో క్లోన్ వాడండి.

పాతజావా: జావాలో ఈ గోలే లేదు.

నల్‌పాయింటర్: లేకపోవడమేంటి సార్! అర్రేని లిస్టుగా చూపే యాజ్‌లిస్ట్‌కి ఇచ్చి, తర్వాత అర్రేలో ఒకటి మార్చండి. లిస్టులోనూ మారి కూర్చుంటుంది. సబ్‌స్ట్రింగ్ అయితే పాత అర్రేనే పట్టుకు వేలాడేది.

పాతజావా: సబ్‌స్ట్రింగ్‌ని 2012లోనే, జావా 7 అప్‌డేట్ 6లో మార్చేశారు. స్ట్రింగ్ ఎలాగూ మారదు కాబట్టి పంచుకున్నా విలువ చెడేది కాదు. చిన్న ముక్క కోసం పెద్ద అర్రే మెమరీలో ఉండిపోయేది, అంతే. లీక్‌కీ దీనికీ ముడిపెట్టకండి.

నల్‌పాయింటర్: యాజ్‌లిస్ట్ సంగతి దాటేశారే?

తుప్పువీరుడు: రస్ట్‌లో రాస్తే కంపైలరే ఆపేది. మార్చే హక్కు ఉన్న రిఫరెన్స్ ఉండగా రెండోది ఇవ్వదు.

స్లైస్‌పురుగు: వచ్చాడండీ. అడిగింది గో గురించి బాబూ.

హీప్‌తాత: కంపైలర్ బ్యాకెండ్‌లోనే తల నెరిసింది నాకు. రాత్రిబగ్గు చెప్పింది ఏలియాసింగ్ (ఒకే మెమరీకి రెండు దారులు), మెమరీ సేఫ్టీకి వచ్చిన లోటేం లేదు. అసలు ముప్పు డేటా రేస్. గోలో ఇంటర్‌ఫేస్ (వేర్వేరు టైపుల విలువలు పట్టేది) అంటే టైప్‌కి ఒక వర్డ్ (మెమరీలో ఒక గడి), డేటాకి ఒక వర్డ్. ఒక గోరూటీన్ (గోలో పక్కపక్కన నడిచే పని) రాస్తుండగా ఇంకోటి చదివితే టైప్ పాతది, డేటా కొత్తది రావచ్చు. అప్పుడు మెమరీ నిజంగానే చెడిపోతుంది. జావాలో రేస్ ఉన్నా ఇంత దూరం పోదు.

స్లైస్‌పురుగు: అంటే గో సేఫ్ కాదంటారా? మరీ విడ్డూరం.

హీప్‌తాత: గో మెమరీ మోడల్ పత్రంలోనే ఉంది. చదివి తిట్టు.

కొత్తపాము: పైథాన్ సంగతి ఎవరూ చెప్పలేదు. వరుసని ఇంకో లిస్టులో పెట్టి స్టార్ 3 (* 3) చేసి గ్రిడ్ కట్టారంటే మూడూ ఒకే లిస్టు. ఒక గడి మారిస్తే మూడు వరుసల్లోనూ మారుతుంది.

రాత్రిబగ్గు: కెపాసిటీ బిగించాను, సమస్య పోయింది. రేస్ డిటెక్టర్ (డేటా రేస్‌లు వెతికే గో టూల్) దీన్ని పట్టుకునేదా?

స్లైస్‌పురుగు: ఒకే గోరూటీన్‌లో జరిగితే పట్టుకోదు. దాని లెక్కలో అది రేసే కాదు.