టామ్ మామ నవల మీద తీర్పు మారిందా, తీర్పు చెప్పేవాళ్ళు మారారా?

పాతపుస్తకాలు:
టామ్ అనే నల్లజాతి బానిస కథగా అమెరికా తెల్లజాతి రచయిత్రి హారియట్ బీచర్ స్టో రాసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' గురించి ఏ పరిచయ వ్యాసం తిరగేసినా ఒకటే వరస. 1852లో పుస్తకంగా రాగానే ఒక్క అమెరికాలోనే ఏడాదికి 3 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి విమర్శకులు దాన్ని ఏడుపుగొట్టు నవల కింద జమకట్టి పక్కన పెట్టేశారు. 1980ల్లో మళ్ళీ విశ్వవిద్యాలయాలకెక్కింది. నా పేచీ ఈ మూడో మలుపుతోనే.

1949లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఈ నవలను చీల్చి చెండాడాడు. అప్పటికి ఆయన పాతికేళ్ళ యువకుడు, పారిస్‌లో ఉంటున్నాడు. స్టో మనుషుల్ని సృష్టించలేదు, ఒక వాదన కోసం బొమ్మల్ని నిలబెట్టింది అన్నాడు. పారిపోయి బతికే బానిస దంపతులు జార్జ్, ఎలైజా చూడటానికి దాదాపు తెల్లవాళ్ళలాగే ఉంటారు. నల్లని టామ్ మాత్రం అన్నీ భరించాలి, క్షమించాలి, చావాలి. మనిషితనం తీసేస్తే తప్ప ఆమె అతన్ని ప్రేమించలేకపోయింది. ఇంతగా కారిన ఆ కన్నీళ్ళు అనుభూతి లేకపోవడానికే గుర్తు అని బాల్డ్విన్ తేల్చాడు. అదే వ్యాసం చివర్లో మరో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్' నవలలో సృష్టించిన బిగ్గర్ థామస్‌ను కూడా టామ్‌కే మరో ముఖం అన్నాడు. తనకు దారి చూపిన రచయితను కూడా వదల్లేదు.

ఇంతకన్నా మంచి తీర్పు తర్వాత ఎవరైనా ఇచ్చారా? బానిసత్వాన్ని ఎదిరించింది కాబట్టి చరిత్ర పాఠంలో చోటివ్వండి, కాదనను. గొప్ప నవల అని ఎందుకు ఒప్పుకోవాలి?

సిరాచుక్క:
పాతపుస్తకాలు గారూ, గొప్ప నవల ఏదో తేల్చే కొలత ఎక్కడ తయారైందో కూడా చూడాలండీ. 1941లో విమర్శకుడు మాథీసెన్ 'అమెరికన్ రినైసాన్స్' రాశాడు. 1850 నుంచి 1855 దాకా వచ్చిన గొప్ప రచనల మీద పుస్తకం అది. ఎమర్సన్, థోరో, హాథార్న్, మెల్విల్, విట్మన్, ఐదుగురూ మగవాళ్ళే. ఆ ఐదేళ్ళలో అందరికన్నా ఎక్కువమంది చదివిన నవలకు అందులో చోటు లేదు. విమర్శకురాలు జేన్ టాంప్‌కిన్స్ 1985లో పట్టుకున్నది ఇదే. స్టో పాఠకులు నమ్మిన ధర్మంలో చనిపోతున్న పసిపిల్ల (నవల్లో ఈవా) బలహీనురాలు కాదు, మనసుల్ని మార్చగల శక్తి. ఆ లోకాన్ని పక్కన పెట్టి చదివితే ఏడుపు ఒక్కటే మిగులుతుంది.

నవల్లో సెనేటర్ బర్డ్ ఇంటి సన్నివేశం మళ్ళీ చదవండి. 1850 నాటి చట్టం ప్రకారం పారిపోయి వచ్చిన బానిసకు సాయం చేస్తే 1000 డాలర్ల జరిమానా, 6 నెలల జైలు. అలాంటి చట్టానికి ఓటేసి ఇంటికొచ్చిన పెద్దమనిషి భార్యతో వాదిస్తుంటాడు. ఆ రాత్రే మంచుగడ్డల మీద నది దాటిన ఎలైజా పిల్లాడితో సహా వంటింట్లో వచ్చి పడుతుంది. బర్డ్ దంపతుల కొడుకు అంతకుముందే చనిపోయాడు. ఆ తల్లి సొరుగు తెరిచి, దాచుకున్న పిల్లాడి బట్టలు తీసి ఎలైజా కొడుక్కి ఇస్తుంది. సెనేటర్ ఆ బురదరాత్రి తనే వాళ్ళను బండిలో దాటిస్తాడు. ఉపన్యాసాలు సాధించలేనిది ఆ సొరుగు సాధించింది. 1849లో కలరాతో పసికొడుకును పోగొట్టుకున్న తల్లి రాసిన పేజీలివి. ఇందులో అనుభూతి లేదని బాల్డ్విన్ అన్నా నేను ఒప్పుకోను.

ఓరుగల్లు చదువరి:
ఇద్దరి మాటలు చదివిన. ఇద్దరు కూడా ఒక్క సంగతి ఒప్పుకొనే మొదలువెట్టిండ్రు: ముందుగాల అందరు మెచ్చుకున్నరు, తర్వాత అభిప్రాయం మారింది అని. నేను ఆడనే ఆగుత. అందరు అంటే ఎవరు?

1853ల, అంటే పుస్తకం అచ్చయిన మరుసటేడే, మార్టిన్ డెలానీ అనే నల్లజాతి వైద్యుడు బానిసత్వం నుంచి తప్పించుకొని నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ పత్రికకు ఉత్తరాలు రాసిండు. మా గురించి ఈమెకు ఏం తెలుసు, మా బాగు కోసం ఈమెను అడుగుడేంది అని నిలదీసిండు. ఆఖర్ల జార్జ్ హారిస్‌ను పెండ్లాం పిల్లలతోని ఆఫ్రికాల ఉన్న లైబీరియాకు పంపుడు ఆయనకే కాదు, చానమంది నల్లవాళ్లకు నచ్చలే. పుట్టిన గడ్డ మీద మాకు జాగ లేదా అని అడిగిండ్రు. సంకెళ్లు తెంపనీకి గడ్డిపోచంత సాయమైనా సరే, ఎవలిచ్చినా తీసుకుంటం అని డగ్లస్ జవాబిచ్చిండు.

బానిసత్వం మీద కొట్లాడిన గారిసన్ తెల్లాయనే, స్టోను మనసార మెచ్చుకున్నడు. మెచ్చుకుంటనే 1852ల తన 'లిబరేటర్' పత్రికల అడిగిండు: దెబ్బకు దెబ్బ తీయొద్దు అనే ధర్మం నల్లోనికి ఒకటి, తెల్లోనికి ఒకటా అని. బాల్డ్విన్ అడిగింది ఇదే కద. 97 ఏండ్ల ముందే ఈ ప్రశ్న అచ్చుల ఉంది.

డెలానీ ఉత్తరాలతోని ఊకోలే. 'బ్లేక్' అని నవల రాసిండు. దాంట్ల నాయకుడు దక్షిణాది అంతా తిరుగుకుంట తిరుగుబాటుకు మనుషులను కూడగడుతడు, క్యూబా దాక పోతడు. 1859 నుంచి 1862 నడుమ పత్రికలల్ల వచ్చిన ఆ నవల పుస్తకంగ అచ్చయింది 1970ల. స్టోకు ఏడాదికి 3 లక్షలు, డెలానీకి నూరేండ్ల ఎదురుచూపు.

అందుకే అంటున్న. ఇయ్యాల మనం అనుకునే అభిప్రాయాలన్నీ మొదటి రెండేండ్లల్లనే ఉన్నయి. ఎవరి మాట నిలబడ్డది, ఎవరి మాట మూలకు వడ్డది అన్నదే మారుకుంట వచ్చింది.

మెంఫిస్ తెలుగు:
ఓరుగల్లు అన్న చెప్పినదానికి ఇంకా గట్టి రుజువు హారియట్ జేకబ్స్.

ఆమె నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో బానిస. యజమాని లైంగిక వేధింపులు తప్పించుకోడానికి అమ్మమ్మ ఇంటి పైకప్పు కింద సందులో దాదాపు 7 ఏళ్ళు దాక్కుంది. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తు మహా అయితే 3 అడుగులు. చెక్కకు తొలిచిన కంతలోంచి తన పిల్లలు ఆడుకోవడం చూసుకునేది. 1842లో బానిసత్వం లేని ఉత్తరాదికి చేరింది. తన కథ లోకానికి చెప్పడానికి స్నేహితురాలు ఎమీ పోస్ట్ ద్వారా స్టో సాయం అడిగింది. స్టో ఏం చేసిందో తెలుసా? ఆ సంగతులు నిజమేనా అని, జేకబ్స్ పనిచేస్తున్న ఇంటి యజమానురాలికి రాసింది. తన నవలకు ఆధారాలుగా కూర్చుతున్న 'కీ' పుస్తకంలో వాడుకుంటానంది. పెళ్ళి కాకుండా పిల్లలు ఎలా పుట్టారన్నది జేకబ్స్ ఆ యజమానురాలికి అప్పటిదాకా చెప్పుకోలేదు. ఆడదానికి అంతకన్నా అవమానం ఏముంటుంది? ఆ తర్వాత జేకబ్స్ తన కథ తనే రాసుకోడానికి పూనుకుంది. రాత్రిపూట, పిల్లల ఆయా పని మధ్య రాసింది. 1861లో ఆ ఆత్మకథ లిండా బ్రెంట్ అనే మారుపేరుతో వచ్చింది.

ఇక విమర్శకుల సంగతి. దక్షిణాది చరిత్రకారుడు యూ.బి. ఫిలిప్స్ 1929లో బానిసల ఆత్మకథలన్నీ ఉద్యమకారులు దిద్దినవి కాబట్టి నమ్మలేమని కొట్టిపారేశాడు. యజమానుల లెక్కల పుస్తకాల మీద మాత్రం ఆయనకు నమ్మకం ఉంది. 1972లో చరిత్రకారుడు జాన్ బ్లాసింగేమ్ బానిసల మాటలకు చరిత్రలో చోటు తెచ్చాడు, అది చాలా పెద్ద పని. అంతటి మనిషీ జేకబ్స్ దగ్గరకొచ్చేసరికి ఇది మరీ నాటకీయంగా ఉంది, నమ్మశక్యం కాదు అన్నాడు. సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ అల్లిన కల్పన అనే అనుమానం చాలాకాలం నడిచింది. 1981లో పరిశోధకురాలు జీన్ ఫేగన్ యెలిన్, ఎమీ పోస్ట్ కాగితాల్లో ఉన్న జేకబ్స్ ఉత్తరాలతో రచయిత్రి ఎవరో రుజువు చేసింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. 120 ఏళ్ళ తర్వాత ఒక నల్లజాతి స్త్రీ తన పుస్తకానికి తనే రచయిత్రి అయింది.

పాతపుస్తకాలు:
మెంఫిస్ గారూ, ఇది నా వాదనకే బలం. స్టో పాత్రలు పాఠకురాలి జాలి కోసం ఎదురుచూస్తాయి. జేకబ్స్ అలా ఎదురుచూడదు. తను చేసింది తప్పే అయినా, బానిస స్త్రీని తక్కిన ఆడవాళ్ళను కొలిచే కొలతతో కొలవకూడదని ముఖం మీదే చెప్తుంది. ఇందులో ఆలోచన ఉంది, మనిషి ఉంది.

డగ్లస్‌నే చూడండి. 1845 నాటి మొదటి ఆత్మకథ గారిసన్, వెండెల్ ఫిలిప్స్ ముందుమాటల మధ్య నిలబడింది. 1855 నాటి రెండోదానికి ముందుమాట జేమ్స్ మెక్యూన్ స్మిత్ అనే నల్లజాతి వైద్యుడిది. జరిగింది చెప్పు చాలు, తత్వం మేం చూసుకుంటాం అని ఉద్యమ మిత్రులు తనతో అన్న సంగతి డగ్లస్ అందులో రాసుకున్నాడు. ఇలాంటి రచనలు ఉండగా పాఠ్యప్రణాళికలో ఉన్న కాస్త చోటూ స్టోకు ఎందుకివ్వాలి? నేను అడిగేది అదొక్కటే.

కృష్ణలంక:
చదువుతూ ఒక సందేహం. లింకన్ స్టోను చూసి "ఇంత పెద్ద యుద్ధం తెచ్చిన చిన్నావిడ మీరేనా" అన్నాడని చిన్నప్పుడు ఎక్కడో చదివాను. అది నిజమేనా? ఇంకోటి, ఆఫ్రికాలో పుట్టి బానిసనయ్యానని ఆత్మకథ రాసిన ఈక్వియానో అసలు అక్కడ పుట్టలేదంటున్నారు. అలాగైతే ఆ పుస్తకం విలువ పోయినట్టేనా?

మెంఫిస్ తెలుగు:
లింకన్ మాటకు అప్పటి రాతల్లో ఆధారం లేదు తమ్ముడూ. ఇద్దరూ పోయాక 1896లో అచ్చులో కనిపిస్తుంది.

ఈక్వియానో సంగతి అంత తేలిక కాదు. ఆయన ఆత్మకథ 1789లో లండన్‌లో వచ్చింది, బతికుండగానే 9 ముద్రణలు పడ్డాయి. 1999లో పరిశోధకుడు విన్సెంట్ కరెట్టా రెండు పత్రాలు చూపించాడు. 1759 నాటి బాప్టిజం నమోదు, 1773 నాటి ఓడ జాబితా, రెండింటిలోనూ పుట్టిన చోటు అమెరికాలోని కరోలినా అనే ఉంది. పాల్ లవ్‌జాయ్ వంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఈక్వియానో వర్ణించిన ఆఫ్రికాలోని ఇగ్బో జాతివాళ్ళ ఊరు అక్కడ పెరిగినవాడికే తెలుస్తుందన్నారు. ఇప్పటికీ తెగలేదు. విలువ మాత్రం ఎందుకు పోతుంది? బానిసల ఓడ అడుగున జనం నరకం చూసిన మాట అబద్ధమా? ఒకవేళ తోటివాళ్ళ జ్ఞాపకాలను తనవిగా కూర్చి రాసినా, కరెట్టా అన్నట్టు అది ఒక రచయిత చేసిన పని. తెల్లవాళ్ళు కల్పన చేస్తే నవల, నల్లవాడు చేస్తే దొంగసాక్ష్యం అనే లెక్క నాకు నచ్చదు.

సిరాచుక్క:
పాతపుస్తకాలు గారికి రెండు మాటలు. నవల్లో టామ్ ఎందుకు చచ్చాడో గుర్తుందా? పారిపోయిన కాసీ, ఎమ్లిన్ ఎక్కడున్నారో చెప్పనందుకు. యజమాని లెగ్రీ చావగొట్టించినా నోరు విప్పలేదు. దశాబ్దాలపాటు ఊరూరా ఆడిన నాటకాలు ఆ మనిషిని ముసలి అణకువ బంటుగా మార్చేశాయి. తెల్లవాళ్ళకు వంగే నల్లవాణ్ణి 'అంకుల్ టామ్' అని జనం తిట్టేది ఆ నాటకాల టామ్‌ని తలుచుకునే.

రెండోది, నల్లజాతి పాఠకులంతా బాల్డ్విన్ పక్షం అనుకోవద్దు. నల్లజాతి కవి డన్బార్ స్టో మీద పద్యం రాశాడు. బాల్డ్విన్ వ్యాసం వచ్చిన మూడేళ్ళకే, 1952లో, మరో నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఈ నవలకు ముందుమాట రాశాడు. డెలానీ, డగ్లస్ మధ్య మొదలైన తగవు నల్లవాళ్ళ ఇంట్లోనే వందేళ్ళు సాగింది.

ఓరుగల్లు చదువరి:
సిరాచుక్క అక్క చెప్పింది ఒప్పుకుంట. హ్యూస్‌ను కూడ లెక్కల వెట్టాలె. గని పాతపుస్తకాలు సార్, స్టోను తీసేస్తే డెలానీ ఎవరి మీద కోపం చేసిండో పిల్లలకు ఎట్ల తెలుస్తది? జేకబ్స్ ఎందుకు సొంతంగ కలం వట్టిందో ఎట్ల తెలుస్తది?

ఇంకో ప్రశ్న డగ్లస్‌ను చదివేటోళ్లకు కూడ ఉంది. 1997ల నల్లజాతి పరిశోధకురాలు సైదియా హార్ట్‌మన్ తన పుస్తకం మొదట్లనే ఒక మాట రాసింది: డగ్లస్ చిన్నమ్మ హెస్టర్‌ను కొరడాతోని కొట్టే సన్నివేశాన్ని నేను మళ్ల ఎత్తిరాయ అని. ఆ దెబ్బలను మాటిమాటికి చూపిస్తే చదివేటోని మనసు మొద్దుబారుతది, లేకుంటె ఆ నొప్పి తమాషా అయితది అని ఆమె బాధ. 1852ల ఏడిపిచ్చుడే బలం అనుకున్నరు. ఇప్పుడు ఎవరి నొప్పి చూసి ఎవరు ఏడుస్తున్నరు అని అడుగుతున్నరు. సెనేటర్ బర్డ్ ఇంట్ల సొరుగు తెరిచిన తల్లి మనసు మనకు మంచిగ తెలుస్తది. ఆ బట్టలు తీసుకున్న ఎలైజా మనసుల ఏముందో స్టో ఎంత రాసింది? నాకు తక్కువనే కనవడుతది.

మారియన్ విల్సన్ స్టార్లింగ్ పేరు ఎవలూ తీయలే. నల్లజాతి పరిశోధకురాలు. బానిసలు చెప్పిన, రాసిన కథలను వేలల్ల వెతికి పట్టుకొని 1946ల న్యూయార్క్‌ల సిద్ధాంతగ్రంథం ఇచ్చింది. బాల్డ్విన్ వ్యాసానికి మూడేండ్ల ముందు, బ్లాసింగేమ్‌కు పావు శతాబ్దం ముందు. అది పుస్తకంగ వచ్చింది 1981ల. యెలిన్ జేకబ్స్ పేరు రుజువు చేసిన ఏడు కూడ అదే. 1980లల్ల విమర్శకుల అభిప్రాయం మారింది అని రాసేటోళ్లు ముందుగాల ఈమె 35 ఏండ్లకు లెక్క చెప్పాలె.

పాతపుస్తకాలు:
స్టార్లింగ్ పుస్తకం తెప్పించుకుంటాను. స్టోను డెలానీ ఉత్తరాలతో, జేకబ్స్‌తో కలిపి ఒకే తరగతిలో చదివించమంటే నాకు అభ్యంతరం లేదు, అలా చదివితే టామ్ ఎంత పలచని పాత్రో విద్యార్థులకే తెలుస్తుంది. గొప్ప నవల అని మాత్రం అనను. సిరాచుక్క గారూ, ఆ సొరుగు పేజీ మళ్ళీ చదివాను. బాగుంది. దాని తర్వాతి 36 అధ్యాయాల సంగతి చెప్పండి.